ఇటుకపొడితో తోమిన లక్ష్మీ కాసు

మొన్న శ్రావణ శుక్రవారం పొద్దున్నే, మధురవాడ ఫ్లాటులో మా కోడలు పూజకని బంగారు లక్ష్మీ కాసు తీసి, పళ్లపొడి అద్దిన బ్రష్షుతో తోమబోతుంటే, నేను కేకేసి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "తళతళా మెరిసిపోద్దత్తయ్యా," అంది పాపం. మెరుస్తుందని నాకు తెలియదా!

ఇత్తడి సామాను చింతపండు, ఇటుకపొడి వేసి కొబ్బరి పీచుతో తోమితేనే కోడలు పనిమంతురాలనే రోజులు నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. గాజువాకకు కాపురానికి వచ్చిన మొదటి శ్రావణంలో, అత్తగారి మెప్పు పొందాలని, దీపపు కుందులతో పాటు ఇంట్లో ఉన్న రెండు కాసుల్లో ఒకదాన్ని కూడా అలాగే తోమాను. తరతరాల చేతులు తగిలి అసలే పలచబడిన అమ్మవారి ముఖం, కళ్లూ ముక్కూ లేకుండా గీతలైపోయింది. అత్తగారు దాన్ని పేరంటాళ్లందరి ముందు ఎత్తి చూపించి, "ఇత్తడి సెంబనుకున్నావేటే? మీ ఇంటికాడ బంగారం ఎప్పుడూ సూడనేదేటి?" అన్నారు. వాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. బంగారం మెత్తనిదని ముందే ఒక్క మాట చెబితే ఆవిడ నోటి ముత్యాలు రాలిపోయేవా?

ఆ తరువాత ఏటేటా కాసులు కడిగే పని తోటికోడలిదే. నాది చెంబుతో నీళ్లు పొయ్యడం. పోస్తూనే అన్నీ నేర్చుకున్నాను: గోరువెచ్చని కుంకుడు రసంలో కాసేపు నానబెట్టడం, అంచు పట్టుకుని వేలికొసతోనే తాకడం, పాత నూలు గుడ్డతో రుద్దకుండా అద్దడం, ఒకదానికొకటి ఒరుసుకోకుండా విడివిడిగా చుట్టి దాచడం. అత్తగారు పోతూ మంచి కాసు తోటికోడలికి, అరిగినది నాకు ఇచ్చారు. కావాలనే ఇచ్చారు, ఇప్పటికీ అదే అంటాను.

మొన్న కోడలి చేత అవన్నీ చేయించాను, ఆ మొదటి కేక తప్ప మళ్లీ గొంతు పెంచకుండా. ఈ రోజుల్లో పేరంటానికి నలుగురు రావడమే గగనం, నవ్వడానికైనా ఎవరూ లేరు. కోడలు గుడ్డతో తడి అద్దిన కాసును కిటికీ వెలుతురులో పట్టుకుని, "అమ్మవారు ఎలా ఉండేవారత్తయ్యా?" అని అడిగింది. చుక్కంత ముక్కుపుడక, ఓ పక్కకు ఒరిగిన కిరీటం, నవ్వీ నవ్వని పెదవులు... కళ్లు మూసుకుని చెప్పాను. అత్తగారు లేరు, తోటికోడలూ లేదు. ఆ ముఖం చూసినవాళ్లలో, దాన్ని చెరిపిన నేనొక్కదాన్నే మిగిలాను.