ఇరవై అయిదు చుట్లు

మా కాలనీ గ్రౌండులో పొద్దున నడిచేవాళ్ళకు రోజూ ఏదో ఒక తగువు ఉండాలి. పింఛను మీదనో, ఎండల మీదనో, మోకాళ్ళ నొప్పులకు ఏ నూనె మంచిదన్న దాని మీదనో. ఆ చలికాలం మాత్రం తగువంతా ఒక్క ప్రశ్న చుట్టే తిరిగింది. నాలుగు వందల మీటర్లు మెరుపులా ఉరికే మగవాడు, పది కిలోమీటర్లలో దూరాలు ఉరికే ఆడమనిషిని ఓడించగలడా?

నేను మందమర్రిలో బొగ్గుబావుల సర్వే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. కొలవడం నా ఉద్యోగం. ఏ రోజుది ఆ రోజు డైరీలో రాసుకోవడం చదువుకునే రోజుల నుంచీ ఉన్న అలవాటు. గ్రౌండులో నాలుగు వందల మీటర్ల చుట్టుకు సున్నపు గీత వేసింది నేనే, వాన పడి చెరిగినప్పుడల్లా మళ్ళీ వేసేదీ నేనే. కాబట్టి పరుగుల గురించి తగువు వస్తే నా దగ్గరికే వస్తుంది.

ఈ తగువు తెచ్చింది మా పక్క క్వార్టరు తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, ఎన్నో ఏళ్ళుగా నన్ను అన్నా అని పిలిచే మనిషి. వయసులో ఉన్నప్పుడు బావుల మధ్య జరిగే ఆటల పోటీల్లో నాలుగు వందల మీటర్లు అతనిదే. ఆ కప్పులు ఇప్పటికీ వాళ్ళింట్లో టీవీ పక్కన వరసగా ఉంటాయి, పండగకోసారి చింతపండుతో తోమిస్తాడు. అతని బిడ్డ డిగ్రీ పూర్తిచేసి కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. ఆ ఎంపికలో ఆడపిల్లలు ఎనిమిది వందల మీటర్లు ఉరకాలి. అంటే నా గీత మీద రెండు చుట్లు. ఆ పిల్ల రెండు చుట్లు ఉరికి ఆగేది కాదు. మేం నడక ముగించి టీ తాగి వచ్చేసరికి కూడా ఉరుకుతూనే ఉండేది.

ఒకరోజు తండ్రి దగ్గరికి వచ్చి, ఆదిలాబాద్‌లో పది కిలోమీటర్ల పరుగు పెడుతున్నారు, పోతానంది.

"పది కిలోమీటర్లు ఎందుకే? పోలీసోళ్ళు అడిగేది రెండు సుట్లే గదా."

"రెండు సుట్లకు నాకు చెమట సుత పడ్తలేదు బాపూ."

"గట్ల దూరం ఉరికితే కాళ్ళు మొద్దువారుతయ్. ఉన్న స్పీడు పోతది. ఉద్యోగం పోతది."

అతని భయం ఉద్యోగం గురించే. అది నాకు అర్థమైంది. కానీ అక్కడితో ఆగితే అతను మా తమ్ముడు కాదు. నా వైపు తిరిగి, "అన్నా, ఉరుకుడంటెనే స్పీడు. స్పీడున్నోడు ఎంత దూరమైన ఉరుకుతడు. స్పీడు లేనోళ్ళే దూరం దూరం అంటరు. మా మేనల్లుడిని తీసుకొచ్చి నిలబెడ్త, ఎంత పెద్ద ఆడ రన్నర్ అయినా రానీ, పది కిలోమీటర్లల సుట్టు మీద సుట్టు దాటిపోతడు," అన్నాడు.

ఆ రోజు ఇంటికి వెళ్ళి నా పాత డైరీలు తీశాను. నచ్చిన వార్తలు కత్తిరించి ఏ రోజు పేజీలో ఆ రోజు అంటించుకుంటాను. పరుగుల రికార్డులవి చాలానే దొరికాయి. ఒకే దూరానికి పక్కపక్కన పెడితే మగవాళ్ళ రికార్డే ముందుంటుంది, దానికి తగువు లేదు. తమ్ముడి మాట అది కాదు కదా. పొట్టి దూరాల మగవాడిని తెచ్చి పొడుగు దూరాల ఆడమనిషి పక్కన నిలబెడుతున్నాడు. ఆ లెక్క ఏ పేపరులోనూ లేదు. నాలుగు వందల మీటర్ల వీరుడు ఎప్పుడూ పదివేలు ఉరకలేదు, ఉరకని దూరానికి అతని టైము ఎక్కడి నుంచి వస్తుంది? ఎనిమిది వందలు ఉరికేవాళ్ళు కొందరు పదిహేను వందల దాకా వెళ్తారు. ఇంకా పైకి వెళ్ళేవాళ్ళు తక్కువ. ఎవరి పరిధి ఎక్కడ ఆగుతుందో ఉరికితే గాని తెలియదు.

ఒక లెక్క మాత్రం వేయగలిగాను. ఆడవాళ్ళ మారథాన్ రికార్డును నా సున్నపు గీత మీదికి దించాను. మర్నాడు గ్రౌండులో చెప్పాను. "తమ్మీ, మారథాన్ రికార్డు పెట్టినామె ఒక్కో చుట్టు దాదాపు నిమిషం పావుకు ఉరికింది."

"నిమిషం పావా? మా అల్లుడు నిమిషంల లోపట్నే కొడ్తడు!"

"ఒక్క చుట్టు కొడతాడు. ఆమె వందకు పైగా కొట్టింది, ఆగకుండా."

తమ్ముడు వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మానేశాడు. "సరే అన్నా. ప్రపంచం సంగతి మనకెందుకు. నా బిడ్డ, నా అల్లుడు. గీ గ్రౌండుల్నే పది కిలోమీటర్లు. బిడ్డ గెలిస్తే ఆదిలాబాద్ నేనే తోల్కపోత. ఓడితే మల్ల ఆ ముచ్చట ఎత్తద్దు."

"మాట తప్పవు గదా బాపూ?" అంది ఆ పిల్ల. అడిగేటప్పుడు నవ్వింది గాని, చేతులు మాత్రం చున్నీ కొసను మెలిపెడుతూనే ఉన్నాయి.

మేనల్లుడి గురించి చెప్పాలి. బావిలో పనిచేస్తాడు, ఉండేది గ్రౌండుకు అవతలి వైపు క్వార్టర్లలో. పొద్దుటి షిఫ్టు ఉన్న రోజుల్లో సైరన్ మోగేదాకా లేవడు. సైరన్ మోగగానే చెప్పులు చేతబట్టుకుని, టిఫిన్ డబ్బా గలగలలాడుతుంటే, గ్రౌండుకు అడ్డంగా పడి ఉరికి, హాజరు వేసే మస్టర్ మూసేలోపు గేటు దగ్గర ఉంటాడు. అతని స్పీడంతా అక్కడే తయారైందని కాలనీలో నవ్వుతారు.

అతనికి రెండో షిఫ్టు ఉన్న వారంలో పోటీకి ఒక ఉదయం ఖాయం చేశాను. గీత మళ్ళీ వేశాను, వాచీ సరిచూసుకున్నాను. ఇరవై అయిదు చుట్లు. నడిచేవాళ్ళందరూ ఆ రోజు నడక మానేసి సిమెంటు బల్లల మీద కూర్చున్నారు.

"బావా, నీళ్ళు తాగి రా. నడుమ ఆగుతనంటే నడ్వది," అంది ఆ పిల్ల.

"ఏ పిల్లా, నేను అయిపోగొట్టి, ఇంటికి పోయి ఒక కునుకు తీసి వస్త. నువ్వు నిమ్మళంగ రా."

మొదలుపెట్టగానే మేనల్లుడు ముందుకు దూకాడు. ఆ ఉరుకు చూడముచ్చటగా ఉంది, కాళ్ళు నేలను తాకుతున్నాయా అనిపించింది. తమ్ముడు నా భుజం మీద చరిచాడు, వాచీ చేతిలోంచి జారబోయింది. ఆ పిల్ల మాత్రం ఇల్లు ఊడ్చే మనిషిలా, తొందరేమీ లేకుండా, ఒకే తీరున వెనక వచ్చింది. కొన్ని చుట్ల తర్వాత ఇద్దరి మధ్య దూరం తగ్గింది. సగం దాటేసరికి ఆమె అతని వెనకే, అడుగులో అడుగు వేస్తూ ఉంది. దాటిపోవడం లేదు, వదలడమూ లేదు.

సరిగ్గా అప్పుడు పొద్దుటి షిఫ్టు సైరన్ మోగింది.

అన్నీ చూసుకున్న నేను దాన్ని మరిచిపోయాను. రోజూ వినే చప్పుడు, ఉందన్న సంగతే గుర్తుండదు. మేనల్లుడికి మాత్రం గుర్తుండవలసిన పనే లేదు, అది అతని కాళ్ళల్లో ఉంది. సైరన్ చెవిన పడగానే తల వంచి, రెండు పిడికిళ్ళు బిగించి, మస్టర్ మూసేస్తున్నట్టు ఉరికాడు. మలుపు దగ్గర అలవాటుగా గీత దాటి గేటు వైపు మళ్ళబోయాడు కూడా. బల్లల మీద నుంచి అందరూ ఒక్కసారిగా కేకలు.

"ఓరి నీ! ఇయ్యాల నీకు రెండో షిఫ్టురా!"

"మస్టర్ పడ్డదిలే, మల్ల గీత మీదికి రా!"

నాలుక కరుచుకుని వెనక్కి వచ్చాడు. కానీ ఇంకొక చుట్టు పూర్తికాకముందే కాళ్ళు బరువెక్కాయి. ఆ పిల్ల అదే తీరున వచ్చి, పక్కనుంచి దాటి వెళ్ళిపోయింది. ఆఖరికి ఆమె గీత దగ్గర నిలబడి నీళ్ళు తాగుతుంటే, అతను నడుం పట్టుకుని నడుస్తూ వచ్చాడు.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "అన్నా, ఇది లెక్కల రాదు. సైరన్ మోగవట్టి ఆగమైండు. లేకుంటె గెలుస్తుండె. నువ్వే చెప్పు, న్యాయంగ."

ఆ పిల్ల నీళ్ళ సీసా దించి నా ముఖం వైపు చూసింది. ఆదిలాబాద్ నా నోటి మాట మీద వేలాడుతోంది. సైరన్ మోగిన మాట నిజం, అతను దానివల్ల అనవసరంగా ఉరికిన మాటా నిజం. రద్దు చేసి మళ్ళీ పెడదామందామని నోరు తెరవబోయాను.

ఈలోపు ఆ పిల్లే అంది. "బాపూ, సైరన్‌కు ముందే బావ అయిపోయిండు. నేను ఎనుకనే ఉన్న గదా, ఊపిరి వినవడ్డది. ముందుగాల రెండడుగులకు ఒకసారి తీసిండు, తర్వాత అడుగడుక్కూ తీసుడే. అందుకే నేను దాటలే. ఆయనే ఆగుతడని చూస్తున్న."

అందరం మేనల్లుడి వైపు తిరిగాం. అతను నేల మీద కూలబడి, చెమట తుడుచుకుంటూ నవ్వాడు.

"నిజమే మామా. సైరన్ మోగింది గాబట్టి ఆ కొంచెమన్నా ఉరికిన. లేకుంటె అక్కడ్నే కూసుంటుంటి."

తమ్ముడు మెల్లగా, నాతో కాదు, తనలో తను అన్నట్టు, "నేను ఉరికిన్నాడు నా ఎనుక ఎవడున్నడో కూడా నాకు తెల్వకపోయేది. ఎనక్కి సూసే టైమేడిది," అన్నాడు. బిడ్డ చేతిలోని సీసా తీసుకుని మిగిలిన నీళ్ళు తాగి, "ఆదిలాబాద్ బస్సు ఎన్నింటికి ఉన్నదే?" అని అడిగాడు.

నన్నూ వెంట తీసుకుపోయాడు. ముందు రోజే వెళ్ళి మా చుట్టాలింట్లో పడుకున్నాం. అక్కడి చలి మందమర్రి చలి కాదు, మా తమ్ముడు రెండు స్వెటర్లు వేసుకుని పైన రగ్గు కప్పుకున్నాడు. జిన్నింగు మిల్లు ముందు పత్తి బండ్లు బారులు తీరి ఉన్న రోడ్డు మీదనే పరుగు. చాలామంది ఆడపిల్లలు వచ్చారు, మహారాష్ట్ర వైపు నుంచి కూడా. అటుకులు అమ్మే ఒక ముసలమ్మ గరిటె ఊపుతూ, వచ్చిన ప్రతి పిల్లనూ "పళ పోరీ, పళ!" అంటూ మరాఠీలో ఉరకమంటోంది.

ఆఖరి మలుపు దగ్గర నిలబడ్డాం. ముందు నలుగురైదుగురు దాటిపోయారు. తర్వాత మా పిల్ల కనిపించింది, మా గ్రౌండులో ఉరికినట్టే, అదే తీరున.

తమ్ముడు రగ్గు నా మీద పడేశాడు. వద్దు తమ్మీ అనేలోపే రోడ్డు పక్కన కట్టిన తాడుకు ఇవతలి నుంచి బిడ్డ పక్కనే ఉరకడం మొదలుపెట్టాడు. "నడువు బిడ్డా, నడువు! ముందలున్నదాన్ని పట్టు!" పాత కాళ్ళకు పాత పౌరుషం వచ్చింది. కాసేపు నిజంగానే బిడ్డ కంటే ముందున్నాడు. ముసలమ్మ గరిటె అతని వైపు కూడా ఊపింది.

కొంతదూరం పోయాక, దాదాపు అతని పాత కప్పుల దూరమంత, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆగిపోయాడు. ఆ పిల్ల ఆగలేదు, తిరిగి చూడలేదు. ముందున్న పిల్లను గీత దగ్గర దాటింది. మెడల్ ఏమీ రాలేదు.

నేను రగ్గు తీసుకుని అతని దగ్గరికి చేరుకున్నాను. ఊపిరి అందడం లేదు, ముఖమంతా నవ్వు.

"అన్నా," అన్నాడు, "నాది గీడిదాకనే. ఇగ అవతల దానిదే."

ఇద్దరం అటుకుల బండి దగ్గరికి వెళ్ళి ముగ్గురికి చెప్పాం. ఆ పిల్ల వచ్చేసరికి తన వాటా కూడా తండ్రే తినేశాడు, మళ్ళీ చెప్పవలసి వచ్చింది.