పిన్ని డబ్బాల సైకిలు

నిన్న మధ్యాహ్నం కునుకు పట్టే వేళకు ఫోను మోగింది. మనవరాలి సైకిలుకు బ్రేకులు బిగించిన షోరూము నుంచి. మా సేవ ఎలా ఉంది, ఎన్ని స్టార్లు ఇస్తారు అని అడిగారు. అడిగింది మనిషి కూడా కాదు, రికార్డు చేసిన గొంతు. బ్రేకు ఇంకా కీచుమంటోందని చెప్పుకుందామంటే వినే నాథుడు లేడు. ఒళ్లు మండి పెట్టేశాను. నిద్ర ఎలాగూ పాడైంది, పడుకున్నచోటే మా పిన్ని గుర్తొచ్చింది.

పిన్ని అంటే మా అమ్మకు ఆఖరి చెల్లెలు, వయసులో నాకంటే కొంచెమే పెద్ద. బాబాయి పోయాక, మేమూ అప్పట్లో ఉన్న నాందేడ్‌లోనే ఉండిపోయి, ఆసుపత్రిలో రోగుల వెంట ఉండేవాళ్లకు సైకిలు మీద అన్నం డబ్బాలు వేయడం మొదలుపెట్టింది. ఆమె జొన్నరొట్టె కొట్టే చప్పుడు సందు మొగలోకే వినిపించేది, వంకాయ కూర ఘుమఘుమ ఇంకా ముందే ఎదురొచ్చేది. బిలోలిలో ఉన్న మా మేనమామ మాత్రం చెల్లెల్ని తనింటికి వచ్చేయమని ఒకటే పిలుపు. "ఊరోళ్లకు వండే బదులు మాకే వండరాదు" అనేవాడు. ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమలో పిన్నికి ఒక పొయ్యి, ఒక మూల గది తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. అలాంటి సమయంలో ఆమె సైకిలు గొలుసు నడిరోడ్డు మీద ఊడిపోవడం మొదలైంది. అన్నం ఆలస్యమైతే ఆకలిగొన్నవాళ్లు ఊరుకుంటారా, ఒక్కొక్కరే డబ్బా మానేశారు. ఇక బాగుపడకపోతే సైకిలు అమ్మేసి బిలోలి బస్సెక్కుతానని నాతో తేల్చి చెప్పింది.

ముందు ఒక పెద్ద షోరూముకు వెళ్లాం. ఏసీ, మెత్తటి కుర్చీలు, చల్లటి నీళ్లు. "యా మావ్‌శీ, బసా" అని, అంటే రండి పిన్నమ్మా కూర్చోండని, మరాఠీలో అక్కడి మేనేజరు ఎంత మర్యాద చేశాడో చెప్పలేను. కొత్త గొలుసు వేశారు. వారం తిరగకుండా అదీ ఊడింది. మళ్లీ వెళితే, అదే నవ్వుతో, లోపం మా పనిలో లేదు, మీరు తొక్కడంలో ఉంది అన్నాడు. ఇంకోసారి వెళితే, మీ ఆడవాళ్లిద్దరికీ ఏం తెలుస్తుంది, ఇంట్లో మగవాళ్లను పంపండి అన్నాడు. మగదిక్కు లేకే కదా ఆవిడ సైకిలెక్కింది. ఆ నీళ్లు తీసుకెళ్లి అతని నెత్తిన గుమ్మరించాలనిపించింది నాకు. పిన్ని మాత్రం తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, బయటికి నడిచింది.

ఆ తర్వాత ఎవరో చెబితే బజారులో, కుండల్‌వాడి నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన రేకుల షెడ్డు సైకిలు కొట్టుకు వెళ్లాం. కూర్చోమనడానికి అక్కడ స్టూలు కూడా లేదు. మనిషి తలెత్తి చూస్తే గొప్ప. ఆయనది ఒక పద్ధతి, సైకిలు గలవాళ్లు ఎదురుగా తొక్కి చూపిస్తే గానీ పానా పట్టడు. బజారంతా చూస్తుంటే పిన్ని సిగ్గుతో చచ్చిపోతూ అటో చక్కరు, ఇటో చక్కరు కొట్టింది. ఆయన ఏదో బిగించాడు. గండం గడిచిందని నేను సంబరపడ్డాను. మర్నాడు ఆసుపత్రికి సగం దూరం పోకముందే గొలుసు మళ్లీ ఊడింది.

పిన్ని ఫోను చేస్తే పరుగున కొట్టుకు వెళ్లాను. డబ్బాలతో సహా సైకిలు తోసుకుంటూ వచ్చింది, ముఖం కందగడ్డలా ఉంది. "నీ రిపేరు సాలు అన్నా. నేను బిలోలి పోత" అంది. తొక్కడం రాదనే మాట ఇక్కడా పడుతుందని నేను కాచుకుని ఉన్నాను. డబ్బాల బరువు మోస్తున్న వెనక చక్రాన్ని ఆయన అటూ ఇటూ ఊపి చూసి, చేతులు తుడుచుకున్నాడు.

"నిన్న ఖాళీ బండి తొక్కిచ్చిన. డబ్బాల బరువుకు చక్రం జరిగి గొలుసు వదులైతున్నది. బరువుతోనే సూడాలె గద, గల్తీ నాదే చెల్లె" అన్నాడు. అలా తప్పు ఒప్పుకుని, తన సైకిలు తెచ్చి ముందు నిలబెట్టాడు. "అన్నం సల్లారుతది. దీని మీద పోయి ఇచ్చిరా. అప్పటిదాంక ఇది నేను సూస్త."

అది అడ్డకడ్డీ ఉన్న మగవాళ్ల సైకిలు. ఆటోలో పోదాం పిన్నీ అన్నాను. ఆమె నా మాట వింటేగా. "షోరూమాయన కుర్సీ ఏసిండు, నీళ్లిచ్చిండు. గల్తీ నాదని ఒక్కపారి అన్లే" అంటూ కొట్టు వెనక్కి వెళ్లింది. నాట్లు వేసేటప్పుడు పొలంలో కట్టినట్టు చీర గోచి పెట్టుకుని వచ్చింది. డబ్బాలు కట్టుకుని, కడ్డీ మీదుగా కాలు వేసి, ముందురోజు సిగ్గుపడిన ఆ బజారులోంచే గంట కొట్టుకుంటూ పోయింది. జనం నోళ్లు తెరిచి చూశారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆమె తిరిగొచ్చేలోగా చక్రం బిగించి ఉంచిన పెద్దాయన, ఖాళీ డబ్బాల నిండా నీళ్లు పోయించి, సైకిలుకు కట్టి, మళ్లీ తొక్కించాడు. ఈసారి గొలుసు కదలలేదు. ఆ సాయంత్రం మేనమామ ఫోను చేస్తే, "నేను రాను అన్నా, నువ్వే ఒకనాడు మా ఇంటికి తిననీకి రా" అంది పిన్ని. ఇప్పటికీ ఆమె డబ్బాలు తిరుగుతూనే ఉన్నాయి. ఒక మనిషి బతుకు ఏ దారిన పోవాలో తేలడానికి ఏళ్లు పడుతుందనుకుంటాం, పిన్నిది మాత్రం అన్నం చల్లారేలోపే తేలిపోయింది.