ముందు తలుపు ఎవరు తట్టాలి

గిద్యోను ముప్పై ఒక్క ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాడు. చేవెళ్ల నుంచి మొయినాబాద్ మీదుగా పట్నం. పట్నం నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్ల. అంతకు మించి ఎక్కడికీ వెళ్లలేదు. వెళ్లే అవసరమూ రాలేదు. లోకమే వచ్చి ఎక్కేది, దిగేది.

ఎవరు ఏ స్టేజీలో ఎక్కుతారో, ఎవరి కూతురిని ఏ ఊరికి ఇచ్చారో, ఎవరు ఎవరి పక్కన కూర్చోరో అతనికి తెలుసు. రోజుకు నాలుగు వందల మంది అతనితో మాట్లాడేవారు. రిటైరయ్యాక ఇద్దరు మిగిలారు. ఒకరు భార్య బీరమ్మ. రెండోవాడు పాలు పోసే మనిషి. అతను ఎప్పుడూ తొందరలో ఉంటాడు.

అందుకని చెల్లెలి కూతురు షారోన్ వచ్చి, "మామా, నాకు వంద మంది కావాలె" అన్నప్పుడు గిద్యోను నవ్వాడు.

"గంతేనా? పొద్దటి బస్సుల ఫుట్‌బోర్డు మీదనే ఉంటరు బిడ్డా."

షారోన్ దొంతన్‌పల్లి క్యాంపస్‌లో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది చదువుతోంది. ప్రాజెక్టు కోసం ఫోన్లలో నడిచేది ఒకటి తయారుచేసింది. దానికి వాడకట్టు అని పేరు పెట్టింది.

"వాట్సాప్ లెక్కనా?" అని అడిగాడు గిద్యోను.

"కాదు మామా. అండ్ల అందరం ఒక్క దొర బంగ్లాల కిరాయికున్నట్టు. దీంట్ల ఎవరి ఇల్లు వాళ్లు పెట్టుకుంటరు. ఇంటిపెద్ద వాళ్లే, రూల్స్ వాళ్లవే. ఇంటికి ఇంటికి నడుమ తలుపు ఉంటది. ఒక ఇంటిపెద్ద తట్టాలె, ఇంకో ఇంటిపెద్ద తీయాలె. తీసినంక ఈ ఇంటి మాటలు ఆ ఇంట్ల కనవడతయి. ముందుగాల ఎవరు తట్టిండ్రో గూడ అప్పుడే అందరికి పేరు వడతది."

"మంచిగున్నది."

"పదిహేను రోజులల్ల సార్ చూస్తడు. వంద మంది ఉండాలె. రెండిండ్లన్న ఒకదానితోని ఒకటి మాట్లాడాలె. లేకుంటే ఫెయిల్. మళ్ల ఆర్నెల్లు."

"ఫికర్ చెయ్యకు. ఒక్క ట్రిప్పు పని" అన్నాడు గిద్యోను.

అందరినీ ఒకే ఇంట్లో కూర్చోబెట్టవచ్చని అతను అనుకున్నాడు. బస్సులో కూర్చున్నారు కదా. కాని బస్సు తమదని ఎవరూ అనుకోలేదు. ఇల్లు అనేసరికి పెద్ద ఎవరన్న మాట వచ్చింది. లింకు ఫోన్లో పంపితే కొందరికి కోపం వచ్చింది. ఇంటికొచ్చి పిలవకపోతే అది పిలుపెట్లా అవుతుంది? గిద్యోను స్కూటర్ మీద ఇల్లిల్లూ తిరిగాడు. ఇంటింటా చాయ్ తాగాడు. ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న. "ఆ ఇంట్ల ఇంకెవరెవరున్నరు?" పేర్లు చెప్తే, "అయితే మాది వేరే పెట్టు" అనేవారు.

చర్చి పాటల బృందం ఒక ఇల్లు పెట్టింది. సాయంత్రానికి తబలా ప్రేమదాసు నలుగురిని తీసుకుని వేరుపడ్డాడు. జన్వాడలో ఫామ్‌హౌస్ వాచ్‌మన్ భిక్షపతి ఒక్కడే ఒక ఇల్లు పెట్టుకున్నాడు. పక్కింటికి తలుపు తీయమంటే ఓనరును అడగాలన్నాడు. ఓనరువు నువ్వేనంటే నమ్మలేదు.

పన్నెండో రోజుకు తొమ్మిది ఇళ్లు అయ్యాయి. మొత్తం నూట ఎనిమిది మంది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

"మనుషులైతే అయిండ్రు" అన్నాడు గిద్యోను.

"తొమ్మిదిండ్లు, తొమ్మిది తాళాలు మామా. దీన్ని వాడకట్టు అంటరా?" అంది షారోన్.

పెద్ద ఇళ్లు రెండు. చేవెళ్లలో కూరగాయల వ్యాపారి ఈశ్వరయ్యది ఒకటి, ముప్పై ఎనిమిది మంది. మొయినాబాద్‌లో గులాబీలు పండించే గోవర్ధన్‌ది ఇంకొకటి, ముప్పై ఒక్క మంది. ఈ రెండు కలిస్తే చాలు. పైగా వాళ్లు వియ్యంకులు. ఈశ్వరయ్య కొడుకు జగదీశ్‌కు గోవర్ధన్ కూతురు పూర్ణిమను ఇచ్చారు. సంబంధం కుదిర్చింది గిద్యోనే, బస్సులో, రెండు స్టేజీల మధ్య. ఎనిమిది రోజుల కిందట పూర్ణిమ పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. పిల్ల ఫోటోలు రోజూ గోవర్ధన్ ఇంట్లో పడుతున్నాయి. గోడ అవతల ఈశ్వరయ్యకు కనపడవు.

మంగళవారం గిద్యోను చేవెళ్ల మార్కెట్‌కు వెళ్లాడు. ఈశ్వరయ్య తరాజులో క్యారెట్ తూస్తున్నాడు.

"నేను పోయి తట్టాల్నా? మగపిల్లగాని తండ్రిని."

"ఫోన్ల తట్టుడే గదనే ఈశ్వరన్నా."

"ఫోన్లయితేంది? తలుపు తలుపే. ముప్పై ఎనిమిది మంది చూస్తరు. రేపటి సంది ఈ తరాజు గూడ నా మాట వినది."

"మనుమరాలి ఫోటోలు రోజు పెడుతుండ్రట ఆడ."

ఈశ్వరయ్య ఒక క్యారెట్ తీసి పక్కన పెట్టాడు. మళ్లీ వేశాడు.

"జగదీశ్ పంపుతనే ఉన్నడు. ముందల వాని మొఖం, ఎనుక పిల్ల చెవి. దవాఖానల ఒక్కసారి చూసిన, నిండ గుడ్డ కప్పి ఉండె. ఇరవై ఒకటో దినం దాంక వాళ్లింటికి పోరాదాయె. అప్పటి సంది చెవే చూస్తున్న."

"ఏ చెవి?"

"ఎడమది."

మధ్యాహ్నం గిద్యోను మొయినాబాద్‌లో గోవర్ధన్ తోటకు వెళ్లాడు. గోవర్ధన్ చెట్ల మధ్య నుంచి బయటికి రాలేదు. అక్కడి నుంచే మాట్లాడాడు.

"పెండ్లిల అల్లుని కాళ్లు కడిగిన. దావత్‌ల మటన్ తక్కువైందంటే మళ్ల వండిపిచ్చిన. ఇగ ఫోన్ల గూడ నేనే వంగాల్నా కండక్టర్ సాబ్?"

"మా షారోన్ చదువు ఆగిపోతదే."

"అసలు మా బావ ఏమన్నడు?"

"తట్టనన్నడు."

"అన్నడా?" గోవర్ధన్ జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "అయితే నేను గూడ తట్ట."

ఆ రాత్రి అన్నం దగ్గర గిద్యోనుకు ఉపాయం తట్టింది. హిందువుల పెళ్లిలో జీలకర్ర బెల్లం ఇద్దరూ ఒకేసారి పెడతారు. ముందు ఎవరు, వెనక ఎవరన్నది ఉండదు. తలుపు కూడా అట్లనే తట్టవచ్చు. సార్ ముందర, మూడు లెక్కపెట్టగానే, ఇద్దరూ ఒకేసారి. మర్నాడు ఇద్దరికీ చెప్పాడు. ఈశ్వరయ్య సరే అన్నాడు. గోవర్ధన్ కొంచెం ఆలోచించి సరే అన్నాడు.

శుక్రవారం ఇద్దరూ ఇస్త్రీ బట్టల్లో క్యాంపస్‌కు వచ్చారు. ఒకే వరుసలో, నడుమ ఒక కుర్చీ వదిలి కూర్చున్నారు. గిద్యోను ఆ కుర్చీలో కూర్చున్నాడు. షారోన్ వాళ్ల ఫోన్లను పెద్ద తెరకు కలిపింది. సార్ కలం తీశాడు.

"ఒకటి. రెండు. మూడు."

ఇద్దరూ నొక్కారు. తెర మీద ఈశ్వరయ్య ఇంటి పేరు కింద అక్షరాలు వచ్చాయి. మీరు తట్టి నాలుగు రోజులైంది. అవతలివారు ఇంకా తీయలేదు.

ఈశ్వరయ్య చెవులు ఎర్రబడ్డాయి. గిద్యోను వేళ్ల మీద లెక్కేశాడు. సోమవారం. తను మార్కెట్‌కు వెళ్లిన దానికి ముందు రోజు.

గోవర్ధన్ లేచి నిలబడ్డాడు.

"మిషన్ తప్పు చూపిస్తున్నది సార్. తట్టింది నేను. వాళ్ల పేరు వడ్డది."

సార్ షారోన్ వైపు తిరిగాడు. "పేరు తప్పు చూపిస్తుందా అమ్మా?"

షారోన్ తెర మీది అక్షరాలను మళ్లీ చదివింది. అవునంటే ఆర్నెల్లు పోతాయి. కాదంటే చేవెళ్ల మార్కెట్‌లో ఒక మనిషి పరువు పోతుంది. గిద్యోను సీటు కోసం కొట్టుకున్న వాళ్లను వందల మందిని సర్దినవాడు. ఇప్పుడు తను కూర్చున్న కుర్చీని కొంచెం వెనక్కి జరిపాడు.

ఈశ్వరయ్య షారోన్‌ను చూశాడు. మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"మిషన్ మంచిగనే ఉన్నది సార్. సోమవారం నేనే తట్టిన." తర్వాత వియ్యంకుడి వైపు తిరిగాడు. "తీయి బావా. చెవి చూసి చూసి యాష్టకొచ్చింది."

"ఆనాడే చూసిన బావా. తీస్తే అందరికి నీ పేరు వడతదని తియ్యలే" అన్నాడు గోవర్ధన్.

తలుపు తీశాడు. నలభై మూడు ఫోటోలు ఒకదాని వెనక ఒకటి తెర మీదికి వచ్చాయి. పిల్ల నిద్రపోతోంది, ఏడుస్తోంది, ఆవలిస్తోంది. రెండు చెవులూ ఉన్నాయి. చేవెళ్ల ఇంట్లో ముప్పై ఎనిమిది ఫోన్లు మోగాయి. ముందు ఎవరు తట్టారో ఎవరూ అడగలేదు. మొదటి మాట చేవెళ్ల నుంచి వచ్చింది. ముక్కు అచ్చం ఈశ్వరయ్యదే అని. మొయినాబాద్ ఒప్పుకోలేదు. ఆ ముక్కు తమ గోవర్ధన్ తల్లిది అన్నారు. పది నిమిషాల్లో అరవై ఏడు మాటలు అటూ ఇటూ తిరిగాయి. అన్నీ ముక్కు గురించే. ప్రేమదాసు కూడా తలుపు తట్టాడు, తన మాట చెప్పడానికి.

"రెండు ఇళ్లు మాట్లాడుకోవాలన్నాను. కొట్లాడుకుంటున్నాయి" అన్నాడు సార్.

"మాట్లాడుడంటే మా దిక్కు గిదే సార్" అన్నాడు గిద్యోను.

సార్ రాసుకున్నాడు. షారోన్ పాసయిందని చెప్పాడు. ఆ తర్వాత కళ్లద్దాలు సర్దుకుని తెర దగ్గరికి నడిచాడు. ఒక ఫోటోను చాలాసేపు చూశాడు.

"గోవర్ధన్ గారి అమ్మ ముక్కే అనిపిస్తుంది" అన్నాడు.

ఈశ్వరయ్య గిద్యోను వైపు వంగి, ఈ సార్‌ది మొయినాబాదా అని అడిగాడు.