గున్నేశ్వరరావు గారి సముద్రం

ఈ భూమ్మీద ఏ వస్తువూ ఉండాల్సిన చోట లేదన్నది గున్నేశ్వరరావు గారి గట్టి నమ్మకం. కనబడినదాన్నల్లా కాస్త ఎడమకి జరపాలి. జరిపాక కుడికి జరపాలి. ఆ తర్వాత చెయ్యి నడుం మీద పెట్టుకుని, "ఇందాకే బాగుందేమోనండి" అనాలి. ఎదుటివాడికి పిచ్చెక్కేవరకూ ఆయనకి తృప్తి ఉండేది కాదు.

కొవ్వూరు మెయిన్ రోడ్డులో ఆయనకి కిరాణా కొట్టుంది. కొట్టు వెనకాల ఇల్లు, ఆ ఇంట్లో ఓ వాటాలో నేను అద్దెకుండేవాణ్ణి. నా పేరు ఏసురాజు, హైస్కూల్లో లెక్కల మాస్టర్ని. సామాను దించిన రోజున ఆయన నన్ను పలకరించడానికి వచ్చి, పలకరించకుండానే నా మంచం పట్టె పట్టుకున్నారు.

"ఇది కాస్త ఎడమకి లాగితే గాలి బాగా తగులుద్దండి మాస్టారూ."

లాగాం. తగల్లేదు. కుడికి లాగాం. మంచం కోడు విరిగింది. "పోన్లెండి, నేల మీద పడుకుంటే నడుముకి మంచిది" అని సలహా ఇచ్చి వెళ్లిపోయారు.

కొట్టులో నిన్న ఉన్న బస్తా ఇవాళ అక్కడ ఉండేది కాదు. గుమాస్తా చిట్టియ్య పంచదార అనుకుని కట్టిచ్చిన పొట్లంలో ఉప్పుండేది. ఆ ఉప్పుతో కాఫీ తాగినవాళ్లు కొట్టు ముందుకొచ్చి చేసే గొడవ మా వీధికి రోజూ ఉన్నదే. మర్యాదకి పోయి ఓ క్రిస్మస్‌కి ఆయన్ని మా చర్చికి పిలిచాను. పాస్టరు గారు ప్రార్థనకి కళ్లు మూసుకోగానే ఈయన మెల్లగా లేచి వెళ్లి, ముందున్న ప్రసంగం బల్లని పక్కకి జరిపి వచ్చి కూర్చున్నారు. పాస్టరు గారు "ఆమెన్" అని, అలవాటు ప్రకారం బల్ల మీద చేతులు ఆనించబోయి, సంఘం ముందు బోర్లా పడ్డారు.

అలాంటి మనిషి చేతికి ఓ సముద్రం చిక్కింది.

గోదావరి మీద పెద్ద వంతెన ఇంకా కొత్తగా ఉన్న రోజులవి. సరుకు బేరానికి మద్రాసు వెళ్లి, అక్కడ ఎవరో సేటు గారి హాల్లో గాజు తొట్టెలో ఉప్పునీటి చేపల్ని చూసొచ్చారు. అప్పటినుంచి ఆయనకి అన్నం సయించలేదు.

"నీళ్లలో రాళ్లు పేర్చి కొండలూ గుహలూ కట్టారండి మాస్టారూ! రెండు కళ్లూ చాలవనుకోండి. కానీ ఆ మధ్య రాయి కాస్త ఎడమకి ఉండాల్సిందండి."

"చెప్పలేకపోయారా?"

"చెప్పానండి. బయటికి పంపేశారు."

గుమ్మం దాటితే గోదావరి. ఎక్కడెక్కడి వాళ్లో పుష్కరాలకి వచ్చి మునిగే తియ్యటి నీళ్లు. అవి కాదని ఈయన ఉప్పునీళ్ల కోసం నరసాపురం అవతలికి లారీ కట్టించారు. డబ్బుండి, పనిలేక, చెప్పేవాడు లేకపోతే మనిషి ఎంతదూరం పోగలడో నేను కళ్లారా చూశాను.

హాల్లో ఓ గోడ పొడుగునా తొట్టె లేచింది. మూడు పక్కలా సిమెంటు, ముందు పక్క దళసరి గాజు. కట్టిన తాపీమేస్త్రీయే దాన్ని చూసి, "ఇందులో గేదెల్ని కడగొచ్చండి" అన్నాడు. రాళ్లు నీళ్లలో పెట్టేముందు గున్నేశ్వరరావు గారు హాలు నేల మీద సుద్దముక్కతో తొట్టె గీసి, అందులో కొండలు పేర్చి చూసుకునేవారు. ఆ గీత ఎవరూ తొక్కకూడదు. ఆయన భార్య రాజరాజేశ్వరి గారు పడగ్గదిలోంచి వంటింట్లోకి వెళ్లాలంటే వీధిలోకి దిగి, సందులోంచి తిరిగి, పెరటి గుమ్మంలోంచి రావాల్సి వచ్చేది. ఆవిడ తక్కువ మాట్లాడే మనిషి. ఆ నెలంతా అదీ మానేశారు.

చేపలు కొనడానికి నన్ను తోడు రమ్మన్నారు.

"నేనెందుకండి?"

"మేం ముట్టం కదండీ. మీరు తింటారు కాబట్టి మీకు వాటితో పరిచయం ఉంటుంది."

పరిచయం ఉన్నమాట నిజమే. అది పులుసులో ఏర్పడిన పరిచయం. అయినా వెళ్లాను. నరసాపురం చేపల బజార్లో ఆయన ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, దీనమ్మ అనే ఆవిడ తట్ట ముందు కూర్చుని, ఒక్కో చేపనీ గోటితో నొక్కి చూడడం మొదలెట్టారు.

"లేతవి ఏరి ఇవ్వమ్మా. పుచ్చులు వెయ్యకు."

"పుచ్చులేంటి బాబూ, వంకాయలా? ముక్కలు కొట్టమంటారా?"

"ముక్కలా! నాకు ప్రాణంతో కావాలమ్మా."

"ప్రాణంతో ఎలా వండుతారండి?"

"వండను. పెంచుకుంటాను."

దీనమ్మ నా వైపు తిరిగి, "ఎండన పడి వచ్చినట్టున్నారు. కాస్త మజ్జిగ పట్టించండి బాబూ" అంది. పాపం, తర్వాత పడవల వాళ్లతో చెప్పించి బిందెల్లో బతికున్న చేపల్ని తెప్పించింది. వాటిలో ఒంటి నిండా చారలున్న బలిసిన చేప ఒకటి, వేలెడు నీలం చేప ఒకటి.

గున్నేశ్వరరావు చేపలు కొన్నాడన్న వార్త మా లారీ కంటే ముందే కొవ్వూరు చేరింది. మేం దిగేసరికి గుడి కమిటీ పెద్ద చంద్రరావు గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"ఏమయ్యా, మన ఇళ్లల్లో చేపలేంటి?"

"చూసుకోడానికండి."

"చూసుకోడానికి గుళ్లో దేవుడు లేడా?"

"ఆయన కదలడు కదండీ!"

చంద్రరావు గారు చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి వెళ్లిపోయారు.

ఆ చేపలకి మొదట నానబెట్టిన పెసరపప్పు పెట్టారు. తర్వాత అటుకులు. అవి మొహం తిప్పుకున్నాయి. ఎండురొయ్యల పొడి అయితేనే తింటాయని తేలింది. అది ఆ ఇంటి గడప దాటకూడదు. అందుకని డబ్బా నా వాటాలో చేరింది. పూటపూటా కిటికీలోంచి ఓ చెయ్యి వచ్చేది. "మాస్టారూ, వాళ్ల భోజనం!" కరెంటు పోతే గాలి కొట్టే మోటారు ఆగిపోయేది. అప్పుడు ఆయనా నేనూ చిట్టియ్యా చెంబులతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తూ కూర్చునేవాళ్లం. బీయస్సీ చదివి నేను చేసిన ఉద్యోగాల్లో ఇదొకటి.

ఇంతా చేసి, ఆ రాళ్లని ఒక్క వారం కుదురుగా ఉండనిచ్చేవారా? నీళ్లు తేటపడి, చేపలు కనబడి, ఎవరైనా "బాగుందండీ" అనేలోపు ఆయన చెయ్యి లోపలికి పోయేది. కొండ కూలేది, గుహ మూతపడేది, నీళ్లు కుడితిలా మారేవి. కొవ్వూరులో ఆ చేపల్ని చూడాలని వచ్చినవాళ్లందరూ చూసింది బురదనే.

చివరికి రాజరాజేశ్వరి గారు నోరు విప్పారు.

"దసరా నాటికి ఆ రాళ్లు ఓ చోట కుదరాలి. పండగనాడు నలుగుర్నీ పిలిచి చూపించండి. ఆ తర్వాత ఒక్క రాయి కదిలిందా, చేపల్ని సముద్రంలో వదిలించి, తొట్టెలో చింతపండు పోయిస్తాను."

ఆవిడ మాటకి అప్పీలు లేదని ఇంట్లో అందరికీ తెలుసు. గున్నేశ్వరరావు గారి మొహం పాలిపోయింది. తొట్టె దగ్గరికి వెళ్లి గాజు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. ఆ చేపలంటే ఆయనకి ప్రాణం. అది చూసి నాకు జాలేసింది, వెంటనే ఆ జాలి మీద కోపమొచ్చింది.

దసరా వచ్చింది. తొట్టెకి మామిడాకులు కట్టారు, అంచుకి పసుపు రాసి బొట్లు పెట్టారు. హాలు నిండా జనం. వెక్కిరిద్దామని వెళ్లిన నేను కూడా నోరు మూసుకున్నాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఓ మూలనుంచి కొండ లేచి, మెట్లుమెట్లుగా దిగి, తెల్లటి ఇసకలో కలిసిపోతోంది. మధ్యలో గుహ, గుహ ముందు చారల చేప జమీందారులా తిరుగుతోంది.

"అదిరిందయ్యా!" అన్నారు చంద్రరావు గారు. రాజరాజేశ్వరి గారు మొదటిసారి నవ్వారు.

సరిగ్గా అప్పుడు గున్నేశ్వరరావు గారి చూపు తొట్టె మూలకి వెళ్లింది. మెడ వంచి చూశారు. పట్టు కండువా తీసి నా భుజం మీద వేశారు. "వద్దండీ!" అని నేను అనేలోపే చెయ్యి చంకదాకా ముంచి, కొండనంతా పీకి పారేశారు.

గాజు వెనకాల బురద. జనం ఒక్కొక్కరే లేచారు. "బుర్ర కూడా కాస్త ఎడమకి జరిగింది" అన్నారు చంద్రరావు గారు గుమ్మం దిగుతూ.

రాజరాజేశ్వరి గారు కొట్టు వైపు తిరిగి ఒకే ఒక్క మాట అన్నారు. "చిట్టియ్యా, చింతపండు బస్తాలు పట్రా."

నాకు ఒళ్లు మండింది. "మీకు బుద్ధుందా అండి? ఇంకో పూట ఆగలేకపోయారా?"

"నేను ఆగినా అది ఆగేలా లేదండి మాస్టారూ." తడి చేత్తో గాజు మూల చూపించారు. బురద ఇంకా చేరని ఆ మూల, గాలి గొట్టం వెనకాల నీలం చేప నక్కి ఉంది. తోక చిరిగి ఉంది. "ఆ చారలోడు గుహ తనదంటాడండి. దీన్ని తిండి దగ్గరికి రానివ్వడు. రాళ్లు మార్చామనుకోండి, తన ఇల్లేదో వాడికే తెలీదు. వెతుక్కునే పనిలో పడతాడు. ఈలోగా ఇది నాలుగు మెతుకులు తినేస్తుంది."

"ఇన్నాళ్లూ కదిపింది ఇందుకా?"

"మొదట్లో అందం కోసమేనండి" అన్నారు నిజాయితీగా. "తర్వాతే చూశాను."

"ఆ చారలదాన్ని తీసేస్తే పోలేదా?"

"వాణ్ణెక్కడ వదలనండి? వాడూ మనల్ని నమ్ముకునే వచ్చాడు. మా ఆవిడకి చెబితే వాణ్ణి పంపించేస్తుందని చెప్పలేదు."

వెనక్కి తిరిగితే ఆవిడ గుమ్మంలోనే ఉన్నారు.

"నేను కాపురానికొచ్చిన కొత్తల్లో" అన్నారు నెమ్మదిగా, "వంటిల్లంతా మా తోడికోడలిదే. నన్ను గరిటె ముట్టుకోనిచ్చేది కాదు, మిగిలిందే పెట్టేది. అప్పుడు మీరు పొయ్యి ఓ రోజు ఇటూ, డబ్బాలు ఓ రోజు అటూ మార్చేసేవారు. ఏ డబ్బా ఎక్కడుందో తెలీక అక్కయ్య నన్నే పిలిచి వెతకమనేది. అలా అలా వంటిల్లు నా చేతికి కూడా వచ్చింది. మీకు తిక్కనుకున్నాను ఇన్నేళ్లూ."

గున్నేశ్వరరావు గారు పైకప్పు వైపు చూశారు. "అబ్బే, అదేం కాదు. పొయ్యి అక్కడ ఉంటే పొగ హాల్లోకొచ్చేది."

చిట్టియ్య బస్తా మోసుకుంటూ వచ్చాడు. "ఇందులో పోసెయ్యమంటారా అమ్మగారూ?"

"నీకు మతి ఉందా? చేపలున్నాయి కదా లోపల! తీసుకెళ్లి మాస్టారి వాటాలో పెట్టు."

నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. చేపల నీళ్లు చుక్క మీద పడితే తలస్నానం చేసే ఆ ఇల్లాలు కొంగు బిగించి, గాజులు మోచేతి పైకి తోసుకుని, తొట్టె ముందు నిలబడ్డారు.

"ఆ గుహ మళ్లీ అక్కడే ఎందుకు కడుతున్నారు? కుడికి కట్టండి. వాడు పొద్దున్నుంచి ఎడమ పక్కే చూస్తున్నాడు."

"ఎడమకైతేనే బాగుంటుందే."

"ఇటివ్వండి ఆ రాయి."

నీలం చేప గొట్టం చాటునుంచి బయటికొచ్చి, నీళ్లలో తేలుతున్న రొయ్యపొడి పలుకొకటి నోట కరుచుకుంది. వాళ్లిద్దరూ గమనించలేదు, రాయి కోసం పోట్లాడుకుంటున్నారు. అప్పటిదాకా ఆ ఇంట్లో అలాంటి మనిషి ఒక్కరే అనుకుని కొవ్వూరు ఎలాగో ఓర్చుకుంది. ఆ సాయంత్రం నుంచి ఇద్దరయ్యారు.