గింజలు విడిపోని చోటు

ముంబయి నడిబొడ్డున మేం కడుతున్న నలభై అంతస్తుల మేడ ఫొటోను సోములు తల్లికి చూపించాను. సోములు అక్కడ నాతో పాటు ప్లాస్టరింగ్ చేసేవాడు. ఆ వేసవిలో అనంతగిరి పైనున్న తన ఊరికి రెండ్రోజుల కోసం నన్ను తీసుకెళ్లాడు. కిందటి వానలకు వాళ్ల ఇల్లు కూలింది. మళ్లీ వానలు పడేలోగా కొత్తది లేవాలి.

ఆమె ఫొటో అటూ ఇటూ తిప్పి, "దీనికి గింజలెట్టారేటి బాబూ?" అంది.

ఇల్లు కట్టాలనుకున్న చోట సాయంత్రం బియ్యపు గింజలు జంటలుగా పెట్టి ఆకు కప్పుతారట. తెల్లారేసరికి జంట విడిపోతే అక్కడ కట్టరట.

"నలభై అంతస్తులకు ఎన్ని బస్తాలు పెట్టాలె అవ్వా?" అన్నాను.

"అంతస్తులకెందుకు? నేలకెట్టాల. నేల ఒకటే కదా."

నేల సంగతి నాకేం తెలుసు? బడిని మూడో తరగతిలో వదిలేశాను, నేలను ఇరవయ్యో అంతస్తు కింద వదిలేశాను. నా పని అక్కణ్నుంచే మొదలు.

ఆ సాయంత్రం ఆమె పెట్టిన గింజలు మర్నాడు చూస్తే విడిపోయి ఉన్నాయి.

"సీమలు లాగేసుంటాయమ్మా. వానలొచ్చేత్తన్నాయి, కట్టేద్దాం," అన్నాడు సోములు.

"సీమలు సెప్పినా సెప్పినట్టే. సాయంత్రం ఎగువనెడతాను," అందామె. నావైపు తిరిగి, "నువ్వూ సూసి ఎల్లు," అంది.

ఆ సాయంత్రమే నా రైలు. దాన్నీ వదిలేశాను.

తెల్లారి ఆకు తీస్తే గింజలు జంటలుగానే ఉన్నాయి. ఆమె గునపం తెచ్చి నా చేతికిచ్చింది.

"మేడల మేస్త్రీవి కదా. బేగి తవ్వు."

అన్ని మేడలెక్కిన నేను పునాది తవ్వడం అదే మొదలు.