పిల్లప్ప మామ ఏడుపు

మనిషి పోతే పిల్లప్ప మామ రాడు. గొడ్డు పోతే రాకుండా ఉండడు. సొంత వియ్యంకుడి చావుకు రాగికోత ఉందని ఎగ్గొట్టినవాడు, డెంకణికోట చుట్టుపక్కల ఎవరి మేక కన్నుమూసినా డప్పులతో దిగేవాడు. ఆ శోకాలకు చచ్చిన మేక కూడా మొహమాటపడి లేచి కూర్చుంటుందేమో అనిపించేది.

"గొడ్డుకు ఇంత ఏడుపా మామా?" అంటే, "వియ్యంకుడు నాకు పాలిచ్చినాడా అమ్మా?" అనేవాడు.

రెండువేల ఒకటిలో ఆ భాగ్యం మాకూ కలిగింది. పొద్దున మేసిన గొర్రె మధ్యాహ్నానికి వాకిట్లో పడి చచ్చింది. ముక్కులోంచి నల్లటి నెత్తురు. మైక్రోబయాలజీ చదివినదాన్ని, చూడగానే పోల్చుకున్నాను. దొమ్మరోగం, అదే ఆంత్రాక్స్! కోస్తే ఆ నెత్తురులోని క్రిములు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. నా రెండేళ్ల మధుమిత రోజూ తినేది ఆ వాకిటి మట్టే.

పశువుల డాక్టరుకు ఫోన్ చేసి వచ్చేసరికి, గొర్రెలు మేపే ముత్తప్ప కత్తి నూరుతున్నాడు.

"కోయొద్దు ముత్తప్పా! మనుషులకూ అంటుకుంటుంది!"

"బాగా ఉడకేస్తే అన్నీ పోతాయమ్మా. ఇంత కూర మన్నులో పెడతారా?"

"మేం తినలేదా? ఎవురు చచ్చినారు?" అంది మా అత్త మంజులమ్మ.

క్రిముల గురించి ఎంత చెప్పినా కత్తి ఆగలేదు. అంతలో వీధిలో డప్పులు.

"నా తల్లీ! నన్ను ఇడిసి యాడికి పోయినావే!"

గొడ్డు చచ్చిందంటే డాక్టరు ముందు పిల్లప్ప మామకే కబురు పెడతాడట. మా అత్తకు అన్న కాబట్టి ఆ రోజు శోకం రెండింతలు. చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, గొర్రె ముక్కూ నోరూ దూదితో మూసి, కొత్త గుడ్డ కప్పి, చామంతి దండ వేశాడు. దండ వేసిన శవాన్ని ఎవరు కోస్తారు? ముత్తప్ప కత్తి దించాడు.

"ముత్తప్పా, పెద్దకొడుకువి నువ్వే. గుంత తవ్వు. నీకంటే లోతుండల్ల!"

"నేను కొడుకునా?"

"మేపినోడు కొడుకు కాక ఎవురప్పా?"

ముత్తప్ప నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. పూడ్చేటప్పుడు పిడికెడు మన్నుకు బదులు బస్తాలకొద్దీ సున్నం. డాక్టరు వచ్చి పాపను, మమ్మల్ని ఆసుపత్రికి పంపి, మిగిలిన గొర్రెలకు సూదులేసే ఏర్పాటు చేశాడు.

మేం తిరిగొచ్చేసరికి మామ బండి నిలబడి ఉంది. సంగటి, పెద్ద గిన్నెడు కూర. మొదటి ముద్ద ముత్తప్పకే పెట్టాడు. ఎవరింట గొడ్డు పోయినా, నోటిదాకా వచ్చిన కూర వదులుకున్నవాళ్లకు ఆయన మందలోంచే భోజనమట.

మెల్లగా అడిగాను: "నిజం చెప్పండి మామా, ఆ ఏడుపు ఉత్తదే కదా?"

"ఉత్తదా? పోయింది మీ గొర్రె, కోసింది నా పొట్టేలమ్మా!"