కృప నాతో ఉండాల

వనజాక్షి మొదటిసారి ఎమ్మెల్యేకు నిలబడినప్పుడు ఆ నియోజకవర్గంలో ఆడమనిషి పోటీ చేయడమే వింత. జీపు కనబడగానే ఆడవాళ్లు ఇళ్లలోకి పోయేవాళ్లు. కళ్యాణదుర్గం పక్క పల్లెలో కూలికి పోయే కృపాకుమారి అది గమనించి, జీపును శనక్కాయ చేను దగ్గర ఆపించింది.

"గట్టు మీద నిలబడి అడిగితే ఓటు గట్టు మీదే ఉంటాదక్కా. దిగు," అంది.

వనజాక్షి చెప్పులు విడిచి, కలుపు తీసేవాళ్ల పక్కన తనూ ఒక సాలు పట్టింది. గెలిచింది. మళ్లీ గెలిచింది. ఆ తర్వాత ఎంపీ అయి ఢిల్లీకి పోయింది. ప్రతి ఎన్నికకూ కృప ముందుగా ఊళ్లు తిరిగి ఎవరి బోరు ఎండిందో, ఎవరి మొగుడు అవతలి పార్టీలో ఉన్నాడో కనుక్కుని వచ్చేది. వనజాక్షి పార్లమెంటులో కరువు గురించి మాట్లాడిందని పేపర్లో వస్తే, అందులో సగం మాటలు కృప చేలల్లో విని చెప్పినవే.

ఒకసారి వాళ్ల మండలం జడ్పీటీసీ స్థానం మహిళలకు రిజర్వయింది. పెద్దమనుషులంతా వనజాక్షి ఇంటి వసారాలో కూర్చున్నారు. తన పేరు తానే చెప్పుకోవడం ఆ పక్క మర్యాద కాదు. ఇంకెవరో అనాలి. కృప వాకిట్లో నిలబడింది. ఇద్దరు ముగ్గురు ఆమె వైపు చూశారు కూడా.

"కృప నాతో ఉండాలప్పా," అంది వనజాక్షి. "ఆమె లేకుంటే నాకు కాళ్లు లేనట్లే. వేరేవాళ్లను చూడండి."

అది మెచ్చుకున్న మాటే. అందరూ నవ్వారు. కృప కూడా నవ్వింది. పార్టీ పెద్ద పుల్లన్న కోడలి పేరు ఖాయమైంది. ఆమె గెలిచింది, సంతకాలు మాత్రం మామ చెప్పిన చోట పెట్టింది.

తర్వాతి ఎన్నికలో కృప జీపెక్కలేదు. మోకాళ్ల నొప్పులంది. రాయదుర్గం పోయి జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో చేరింది. కోపం అణగలేదు.

మొన్న వనజాక్షి రాయదుర్గంలో ఆమె ఇంటికే వెతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడామెకు పదవి లేదు, చేతికర్ర ఉంది.

"నాకు సన్మానమంట మే. నువ్వు నా పక్కన కూర్చోవాల."

"నీకు కొత్త కాళ్లు దొరికినాయేమో అనుకుంటి."

"ఎత్తిపొడుస్తాండావా?"

"లేదక్కా. ఒకటి అడుగుతా. ఆ పొద్దు మీ వాకిట్లో, నేను నిలబడతానని అనింటే నువ్వేమనేదానివి?"

వనజాక్షి చేతికర్రను గోడకు ఆనించింది.

"సరేననేదాన్ని. నీకు ఆశ ఉండాదని నాకేం తెలుసు? యాడన్నా ఒక మాట అంటివా?"

"నన్ను చూళ్లేదా నువ్వు?"

"చూస్తి. నవ్వుతాంటివి."

'కాదనేదాన్ని' అని వనజాక్షి అని ఉంటే కృపకు బాగుండేది. ఇన్నేళ్ల కోపమూ ఉన్నచోటే ఉండేది. ఇప్పుడందులో సగం కృప తనే మోయాలి. నిజంగా సరే అనేదో, ముసలితనంలో అలా అనిపిస్తోందో, అదీ ఇక తేలేది కాదు.

వనజాక్షిని చెయ్యి పట్టుకుని కారు దాకా తీసుకుపోయింది. "ఎక్కు," అంది వనజాక్షి.

"షిఫ్టుకు పోవాలక్కా."

ఆ రోజు ఆదివారం, యూనిట్‌కు సెలవు. ఆ సంగతి వనజాక్షికీ తెలుసు. ఆమె మళ్లీ అడగలేదు.